కొత్త ప్యాకెట్టులో వాడేసిన హెడ్ బోల్టులు: ఇంజిన్ పని చేయించుకునేవారికి హెచ్చరిక

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్డుకూ, కింది భాగమైన బ్లాకుకూ మధ్య లీకు కాకుండా పరిచే పలుచని రేకు) మార్పించుకోవడానికి కారును షెడ్డులో వదిలి, విడిభాగాలను బయటి దుకాణాల్లో స్వయంగా కొనుక్కునేవారు, ఏ ఊరి ఆటోనగర్‌లో కొంటున్నా సరే, హెడ్డును బ్లాకుకు బిగించే హెడ్ బోల్టుల విషయంలో జాగ్రత్తగా ఉండవలసిందిగా మనవి. ఒకసారి ఇంజిన్‌లో బిగించి సాగిపోయిన తరువాత తీసేసిన బోల్టులను కడిగి, నల్ల రంగు పూసి, కంపెనీ పేరు అచ్చువేసిన ప్యాకెట్టులో పెట్టి, కొత్త సెట్టు ధరకే నాకు అమ్మారు. ఫిర్యాదు నడుస్తున్నందున దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. సరుకును గుర్తుపట్టే తీరు మాత్రం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే బోల్టు చేతిలో ఉన్నంతసేపే దాన్ని పరీక్షించగలం.

నా డీజిల్ కారులో కూలెంట్ తరిగిపోతూ, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో బుడగలు వస్తుండడంతో హెడ్డు దించక తప్పలేదు. హెడ్డు అడుగును లేత్ షాపులో చదును చేయించి (ఫేసింగ్), కొత్త గ్యాస్కెట్టు పరిచి, నేను తెచ్చిన బోల్టులను మెకానిక్ మాన్యువల్‌లో ఉన్న వరుసలోనే బిగించడం మొదలుపెట్టారు. మొదట అన్నిటినీ టార్క్ రెంచితో (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచి బిగించే పానాతో) 40 న్యూటన్ మీటర్లకు తెచ్చారు. తరువాత ఒక్కొక్కదాన్ని 90 డిగ్రీలు తిప్పాలి, ఆ తరువాత మరోసారి 90 డిగ్రీలు తిప్పాలి. మొదటి 90 డిగ్రీల దశలోనే, మధ్యలో ఉన్న ఒక బోల్టు బిగుసుకోవలసింది పోయి చేతికి వదులుగా తగిలింది. ఆయన వెంటనే ఆపినా అప్పటికే అది విరిగింది, కింది ముక్క బ్లాకులోనే ఉండిపోయింది.

ఇక్కడ ఆ మెకానిక్ చేసిన పని మెచ్చుకోదగ్గది. ఇంకా 40 న్యూటన్ మీటర్ల దశ దాటని బోల్టులను మాత్రమే బయటికి తీసి వేరుగా పెట్టారు. 90 డిగ్రీలు తిరిగిన బోల్టు కొత్తదైనా కొంత సాగుతుంది కాబట్టి దాన్ని సాక్ష్యంగా చూపితే దుకాణదారు ఒప్పుకోడు. 40 వద్ద ఆగినది సాగడానికి కారణమే లేదు. వాటిలో రెండింటిని మరలు ఎదురెదురుగా ఆనించి ట్యూబులైటు వైపు పట్టుకుని, "బోల్టు కొత్తదైతే మరలో మర కూర్చోవాలి సార్. ఇదిగో, మధ్యలో వెలుతురు ఎలా కనబడుతోందో చూడండి," అన్నారు. బ్లాకులోకి దిగే చివరి భాగంలో మరలు చక్కగా ఒకదానిలో ఒకటి ఇమిడాయి. ఆ పైన, మరలు మొదలయ్యే చోట, ఒకదాని అంచు మరొకదాని అంచు మీదికి ఎక్కింది. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూస్తే అదే చోట బోల్టు నడుము సన్నబడి ఉంది. తలలన్నీ ఒకే గీతకు ఆనించి గాజు పలక మీద వరుసగా పడుకోబెడితే, కొసల్లో ఒకటిన్నర మిల్లీమీటరు దాకా తేడా కనిపించింది. నా ఇంజిన్ నుంచి దించిన పాత బోల్టులను పక్కన పెడితే, పాతవీ "కొత్తవీ" ఒకే తీరున ఉన్నాయి.

ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి వాడే హెడ్ బోల్టులను సాగే హద్దు దాటేదాకా బిగించేలా తయారు చేస్తారు. అలా సాగినప్పుడే అన్ని బోల్టులూ దాదాపు ఒకే బలంతో హెడ్డును అదిమిపడతాయి. టార్క్ ఒక్కటే కాకుండా కోణం కూడా ఇవ్వడానికి కారణం ఇదే. కానీ ఆ హద్దు దాటిన ఉక్కు తిరిగి పాత పొడవుకు రాదు. రెండోసారి బిగిస్తే, నా ఇంజిన్‌లో జరిగినట్టు విరగవచ్చు, లేదా విరగకుండానే తక్కువ బలంతో పట్టి ఉండి, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత గ్యాస్కెట్టును వదిలేయవచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు తప్పు బోల్టుదని ఎవరూ అనుకోరు. గ్యాస్కెట్టునో మెకానిక్‌నో నిందిస్తారు. కొందరు తయారీదారులు పొడవు కొలిచి, హద్దులో ఉంటే మళ్ళీ వాడుకోవచ్చని మాన్యువల్‌లో రాస్తారు. అలా రాయని ఇంజిన్‌కు కొత్త బోల్టులే వేయాలి. కనెక్టింగ్ రాడ్ బోల్టుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, అక్కడ విరిగితే బ్లాకే పగులుతుంది.

ప్యాకెట్టు చూసి మోసాన్ని పసిగట్టడం కష్టం. పార్ట్ నంబరు సరిగ్గానే ఉంది, అచ్చు కూడా బాగానే ఉంది. అయితే ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ఎక్కడా లేవు, మూతి స్టాప్లర్ పిన్నులతో మూసి ఉంది. అసలు సంగతి బోల్టు తల దగ్గర దొరుకుతుంది. తల అడుగు భాగం ఆనే చోట రంగు కింద నున్నగా అరిగిన వలయం కనిపిస్తే, అది ఇంతకుముందు ఎక్కడో బిగిసి తిరిగిందని అర్థం. సాకెట్టు దిగే నక్షత్రపు గాడి అంచులు నలిగి ఉన్నాయేమో, మరల సందుల్లో పాత నూనె మసి ఉందేమో చూడాలి; గోటితో గీకితే రంగు పెచ్చు లేస్తే ఇక ఆలోచించనక్కరలేదు. తల మీద 10.9 వంటి గ్రేడు అంకెతో పాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలి. నాకు ఇచ్చిన సెట్టులో మూడు రకాల తయారీ గుర్తులు కలిసి ఉన్నాయి. ఒకే ప్యాకెట్టులో అలా ఉండే అవకాశమే లేదు.

దుకాణానికి తిరిగి వెళ్ళినప్పుడు వాళ్ళు ఇచ్చిన సలహా మోసం కంటే ఆశ్చర్యం కలిగించింది. "అది వదిలేయండి సార్, 12.9 గ్రేడు ఇస్తాం, ఇంకా గట్టిది," అన్నారు. 10.9 బోల్టు ఉక్కు తన్యబలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్లు, 12.9 ది సుమారు 1200. హెడ్ బోల్టుకు మాత్రం గట్టిదనమే గుణం కాదు. అది తయారీదారు లెక్క కట్టిన చోటే సాగాలి. అక్కడ సాగని బోల్టును అదే కోణానికి తిప్పితే బిగింపు లెక్కను మించిపోయి, అల్యూమినియం బ్లాకులోని మరలే ఊడివచ్చే ప్రమాదం ఉంది. మర దూరం (ఒక మర నుంచి పక్క మరకు ఉండే దూరం) సంగతి సరేసరి: 10 మిల్లీమీటర్ల బోల్టుల్లోనే 1.25, 1.5 మిల్లీమీటర్లని వేర్వేరు మరలు ఉంటాయి, ఒకదాని చోట మరొకటి బలవంతంగా ఎక్కిస్తే బ్లాకు మరలు పాడవుతాయి.

బోల్టులు మంచివే దొరికినా బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికి, మరో 40 శాతం మరల రాపిడికి పోతుంది. హెడ్డును అదిమిపట్టడానికి మిగిలేది దాదాపు 10 శాతమే. అందువల్ల మరలకు నూనె రాయాలా వద్దా అన్నది మెకానిక్ అలవాటును బట్టి కాదు, మాన్యువల్‌ను బట్టి తేలాలి. బ్లాకులోని రంధ్రాలకు అడుగు మూసి ఉంటే వాటిలో నిలిచిన కూలెంటునూ నూనెనూ గాలి కొట్టి పూర్తిగా తీసేయాలి, లేకపోతే బోల్టు దిగేకొద్దీ ద్రవానికి పోయే దారిలేక బ్లాకు పగలవచ్చు. గాలి గన్నుతో హెడ్ బోల్టులు బిగిస్తామనే షెడ్డులో కారు వదలకండి.

విరిగిన ముక్కను తీయించడానికీ, ఒకసారి నలిగిన గ్యాస్కెట్టును మళ్ళీ వాడకూడదు కాబట్టి కొత్తది కొనడానికీ అయిన ఖర్చు, బోల్టుల ధరకు ఎన్నో రెట్లు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని బిల్లు మీద అచ్చువేసి ఉందని దుకాణదారు వాదించాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు; కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము ఉండదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్ళు. ఇలాంటి సెట్టు మీకూ వచ్చి ఉంటే బోల్టులను శుభ్రం చేయకుండా, ఉన్నవి ఉన్నట్టుగా, ప్యాకెట్టుతో, జీఎస్టీ బిల్లుతో కలిపి దాచిపెట్టండి. రంగు పోయేలా తుడిస్తే రుజువు కూడా దానితోనే పోతుంది.