ఇంటర్‌లాకెన్‌లో ఒక హోటల్: గది బాగుంది, భోజనం దగ్గర మాత్రం ముఖం చూసి దారి చూపించారు

స్విట్జర్లాండ్ వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలావరకు ఒక రాత్రయినా ఇంటర్‌లాకెన్‌లో గడుపుతాయి. తూన్, బ్రియెంజ్ సరస్సుల నడుమ ఉన్న ఆ చిన్న పట్టణం నుంచే, 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషనుకు వెళ్ళే రైలు ప్రయాణం మొదలవుతుంది. ఒంగోలు నుంచి మా అమ్మానాన్నలను, మా శ్రీమతిని, మా అమ్మాయిని వెంటబెట్టుకొని వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు మేము దిగిన హోటల్‌ గురించే ఈ సమీక్ష. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందువల్ల హోటల్ పేరు రాయడం లేదు.

గదుల విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు ఎప్పుడు తిప్పితే అప్పుడు వచ్చాయి, బాల్కనీలోకి వస్తే మంచుకొండ కనబడుతుంది. లిఫ్టులో ఇద్దరు మనుషులు, ఒక పెట్టె కంటే ఎక్కువ పట్టవు. ఊళ్ళో బస్సులు ఉచితంగా ఎక్కడానికి పనికివచ్చే అతిథి కార్డును అడగకుండానే ఇచ్చారు. రిసెప్షన్ బల్ల మీద పరిచిన నల్లరాయి మాత్రం నా చూపును కట్టిపడేసింది; నల్లటి నేలలో బంగారు రవ్వలు చల్లినట్టుండే ఆ పలక చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే. నేను ఆ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి పాలిష్ చూసి కూడా గుర్తుపట్టగలను. ఆ బల్లకు అవతల నిలబడిన యువతి మా బుకింగ్ కాగితం చూడకముందే, మీ గ్రూపు లీడర్ ఎక్కడ అని అడిగింది. మేము ఏ గ్రూపుతోనూ రాలేదనీ, వెబ్‌సైటులో సొంతంగా బుక్ చేసుకొని పూర్తి సొమ్ము ముందే కట్టామనీ చెప్పాను. ఆమె నవ్వి తాళాలు ఇచ్చింది. అంతవరకు అది పొరపాటేనని అనుకోవచ్చు.

ఉదయం ఫలహారశాల గుమ్మం దగ్గర అది పొరపాటు కాదని తేలింది. అక్కడ గది నంబర్ల జాబితా పట్టుకొని నిలబడిన ఉద్యోగిని, మా ముందు వచ్చిన ఇద్దరు వృద్ధ యూరోపియన్లను నంబరు అడిగి టిక్కు పెట్టుకొని సరస్సు వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. మమ్మల్ని నంబరు అడగలేదు. మా ముఖాలు చూసి, మెట్ల వైపు చెయ్యి చూపించింది. కింద, కిటికీలు లేని హాలు ఉంది. పైన గాజు గ్లాసులైతే ఇక్కడ ప్లాస్టిక్ గ్లాసులు. పైన అడిగినప్పుడు అడిగినట్టు కాఫీ చేసిస్తుంటే ఇక్కడ ఫ్లాస్కులో పోసి పెట్టిన కాఫీ. పండ్లూ జున్నూ లేవు. ప్రతి బల్ల మీదా ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఒక కార్డు: ఆహారం బయటికి తీసుకుపోరాదు, గట్టిగా మాట్లాడరాదు. పైన బల్లల మీద ఇలాంటి కార్డు ఒక్కటి కూడా లేదని తర్వాత నేను స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. ధర మాత్రం రెండు చోట్లా ఒకటే, గది అద్దెలో కలిపి వసూలు చేసిందే.

మా నాన్నగారు కూర్చోకుండా నన్ను అడిగిన మాట ఇది: “ఏందబ్బాయ్, మనం డబ్బులు కట్టలా?”

పెద్ద బృందాలకు వేరే హాలు ఇవ్వడం హోటళ్ళలో మామూలే, అందులో తప్పు పట్టను. యాభైమంది ఒకేసారి దిగితే ఎవరైనా అదే చేస్తారు. కానీ మేము బృందం కాము. ఆ హాల్లోనే అమెరికాలోని న్యూజెర్సీ నుంచి వచ్చిన మరో తెలుగు కుటుంబం కూర్చుని ఉంది. మూలం కావలి దగ్గర పల్లె, చేతిలో అమెరికా పాస్‌పోర్టులు, వాళ్ళదీ సొంత బుకింగే. కింద కూర్చున్నవాళ్ళను కలిపింది టూర్ కంపెనీ కాదు, పాస్‌పోర్టు కాదు. ఒంటి రంగు ఒక్కటే. మన జిల్లాల పల్లెల్లో టీ కొట్ల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని చూసినవారికి ఈ ఏర్పాటు అర్థం కావడానికి వివరణ అక్కరలేదు. ఎవరూ ఎవరినీ తిట్టరు, ఎవరూ గొంతు పెంచరు, ఎవరు ఎక్కడ తాగాలో మాత్రం ముందే నిర్ణయమై ఉంటుంది.

సాయంత్రం సరస్సు ఒడ్డున ఉన్న టెర్రస్ రెస్టారెంటులో బల్ల అడిగితే అన్నీ రిజర్వు అయ్యాయన్నారు. మేము ఇంకా మెట్ల దగ్గరే నిలబడి ఉండగా ఒక జంట వచ్చి, బుకింగ్ లేదని వాళ్ళంతట వాళ్ళే చెప్పినా, వెంటనే బల్ల దొరికింది. ఈ రెండో సంఘటనే చట్టపరంగా బరువైనది.

స్విట్జర్లాండ్ శిక్షాస్మృతిలోని 261బిస్ అధికరణం, 1994 సెప్టెంబరు ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గి 1995 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రజలందరికీ అందించే సేవను జాతి, మతం వంటి కారణాలతో ఒక వ్యక్తికి నిరాకరించడం దాని ప్రకారం నేరం. మూడేళ్ళ వరకు జైలు లేదా జరిమానా ఉండవచ్చు. బాధితుడు కేసు పెడితేనే కాదు, విషయం తెలిస్తే అధికారులే విచారణ చేపట్టవలసిన నేరాల కోవలోకి ఇది వస్తుంది. అయితే ఆ అధికరణంలో జాతీయత అనే మాట లేదు. “ఇండియన్ అతిథులకు వేరే ఏర్పాటు” అని చెప్పుకొంటే తప్పించుకోవచ్చని హోటల్ అనుకొని ఉండవచ్చు. అమెరికా పాస్‌పోర్టుల కుటుంబాన్ని కూడా కిందికే పంపారు కాబట్టి ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. నేను ఫిర్యాదులో ఎక్కువగా వివరించింది ఆ సంగతే.

మనవాళ్ళ తప్పులు లేవని చెప్పను. గదుల్లో ఇండక్షన్ పొయ్యి పెట్టి పోపు వేసేవాళ్ళూ ఉన్నారు, బఫేలో బ్రెడ్డు మడిచి సంచిలో వేసుకొనేవాళ్ళూ ఉన్నారు. దానికి హోటల్ పెట్టవలసింది అందరికీ వర్తించే నిబంధన. 2019 జూలైలో స్విట్జర్లాండ్‌లోనే ఉన్న గ్‌స్టాడ్ అనే ఊళ్ళోని ఒక హోటల్ భారతీయులను మాత్రమే ఉద్దేశించి, బఫే ఆహారం తీసుకుపోవద్దని, వసారాల్లో నిశ్శబ్దంగా ఉండమని పెట్టిన నోటీసును పారిశ్రామికవేత్త హర్ష్ గోయెంకా ట్విట్టర్‌లో పంచుకోగా మన దేశంలో పెద్ద చర్చే జరిగింది. అప్పట్లో మనవాళ్ళు సిగ్గుపడాలని చాలామంది రాశారు. ఒకరు చేసిన పనికి ఇంకా గుమ్మం కూడా దాటని మరొకరిని దొంగలా చూడటం గురించి రాసినవాళ్ళు తక్కువ. పైగా ఇంటర్‌లాకెన్, తన కొండలను మన తెరకెక్కించి పర్యాటకులను రప్పించిన హిందీ సినిమా దర్శకుడు యశ్ చోప్రాకు 2016లో విగ్రహం పెట్టుకొన్న ఊరు.

మేనేజరు ముఖాముఖి మాట్లాడినప్పుడు ‘మీకు అక్కడ సౌకర్యంగా ఉంటుందని’ అన్నాడు. కారణం రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. బుకింగ్ సైటుకు రాసిన తర్వాత ఫలహారాల సొమ్ము తిరిగి ఇస్తామని, జరిగింది అపార్థమని జవాబు వచ్చింది. ఆ సొమ్ము తీసుకోలేదు; జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసే అక్కడి ఫెడరల్ కమిషన్‌కు వివరాలు పంపాను. బుకింగ్ కాగితం, బల్ల మీది కార్డు ఫొటో, రెండు హాళ్ళ ఫొటోలు, సంఘటన జరిగిన సమయం ఆ రోజే రాసి పెట్టుకోవడం వల్ల అది సులువైంది. ఇలాంటిది ఎదురైతే అక్కడ గొంతు పెంచడం కన్నా ఈ నాలుగూ చేతిలో ఉంచుకోవడం మేలు.

గదులు శుభ్రం చేసే పోర్చుగీసు ఆవిడ మా అమ్మకు మోకాళ్ళ నొప్పులని గమనించి, అడగకుండానే స్నానాలగదిలో చిన్న స్టూలు తెచ్చి పెట్టింది. ఆమె కోసమే ఈ హోటల్‌కు ఒక చుక్క (స్టార్) ఇస్తున్నాను. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు హోటల్‌ కన్నా వంటగది ఉన్న అద్దె ఇల్లు చూసుకోవచ్చు; ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషను ఎదురుగానే కోప్ సూపర్‌మార్కెట్ ఉంది, బియ్యం, పెరుగు, కూరగాయలు అన్నీ అక్కడ దొరుకుతాయి. ఊరగాయ మాత్రం ఇక్కడినుంచే పట్టుకెళ్ళాలి.