పాత ఇన్నోవా డీజిల్ ఫిల్టర్ మీది చేతి పంపు: ఏళ్ల తరబడి వాడాక

మాది 2009 మోడల్ ఇన్నోవా, 2.5 డీజిల్. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ అయిపోతే మళ్లీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకున్నాం. సీట్లు, మైలేజీ, ఏసీ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, అందరికీ తెలిసిన బండే. నేను చెప్పాలనుకున్నది బానెట్ ఎత్తితే డీజిల్ ఫిల్టర్ నెత్తిన కనిపించే నల్లటి చేతి పంపు గురించి. ఈ బండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు అదే.

ఫిల్టర్ మార్చినప్పుడు లైన్లోకి గాలి చేరుతుంది. ఈ పంపును అరచేత్తో నొక్కుతూ పోతే మొదట్లో మెత్తగా దిగుతుంది, డీజిల్ నిండేకొద్దీ గట్టిపడుతుంది. ఇక దిగనని చేతిని ఎదురు తన్నగానే ఆపి సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ అవుతుంది. ట్రాక్టర్‌కు ఎయిర్ తీసినవాళ్లకు ఇది కొత్త కాదు. కాకపోతే మా ఇన్నోవా లాంటి కామన్ రైల్ బండిలో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకం) ట్రాక్టర్‌కు చేసినట్టు ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేయకూడదు. అక్కడి ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, చాలా ప్రమాదం. కొందరు మెకానిక్‌లు కొత్త ఫిల్టర్ మధ్య రంధ్రంలో సీసాతో డీజిల్ పోసి బిగిస్తారు. అలా పోసిన డీజిల్ వడకట్టకుండానే నేరుగా ఇంజెక్టర్ల దాకా పోతుంది. చేతి పంపు ఉన్నప్పుడు ఆ పని అవసరమే లేదు.

అసలు దీని విలువ తెలిసింది ఒక వానాకాలంలో. పెళ్లి ప్రయాణానికి ముందు ఒక షెడ్డులో ఫిల్టర్ మార్పించాం. ఆ రోజు బాగానే ఉంది. ఆ తర్వాత నుంచి రాత్రి నిలబెట్టిన బండి పొద్దున ఒక పట్టాన స్టార్ట్ అయ్యేది కాదు. ఒకసారి అందుకుంటే మాత్రం రోజంతా ఏ ఇబ్బందీ లేదు. ఒకాయన బ్యాటరీ అన్నారు, మార్చాం. ఇంకొకాయన ఇంజెక్టర్లు విప్పాలన్నారు, వేలల్లో ఖర్చు చెప్పారు. ఇంట్లో అందరికీ టెన్షన్.

అప్పుడు పంపే దారి చూపించింది. రాత్రి బండి ఆపగానే నొక్కితే గట్టిగా ఉండేది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు నొక్కితే దూదిలా దిగిపోయేది. అంటే రాత్రంతా ఎక్కడో గాలి దూరి, డీజిల్ తిరిగి ట్యాంకులోకి జారుతోందన్నమాట. కానీ ఫిల్టర్ కింద చూస్తే ఒక్క చుక్క తడి లేదు. ఎందుకంటే ఈ బండిలో ఫిల్టర్ ఉన్నది ఇంజిన్ డీజిల్‌ను పీల్చుకునే వైపు. అక్కడ సందు ఉంటే గాలి లోపలికి వస్తుంది తప్ప డీజిల్ బయటికి కారాలని లేదు. నాకు తెలిసిన మరో మెకానిక్ ఫిల్టర్ తర్వాత కాసేపు పారదర్శకమైన పైపు వేసి చూపించారు. డీజిల్‌తో పాటు ఆవగింజంత బుడగలు వరసగా వెళ్తున్నాయి.

ఫిల్టర్ విప్పితే విషయం బయటపడింది. అడుగున నీళ్లు కనిపెట్టే సెన్సర్‌ను పాత ఫిల్టర్ నుంచి తీసి కొత్తదానికి బిగిస్తారు. దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు పాతదే వేశారు. అది నలిగి చపటగా అయిపోయింది, ఒకచోట చీలిక కూడా. కొత్త రింగు ఫిల్టర్ డబ్బాలోనే చిన్న కవర్లో అలాగే ఉంది, డబ్బా మా డిక్కీలోనే ఉంది! దానికి కాస్త డీజిల్ రాసి బిగించాక ఆ సమస్య మళ్లీ రాలేదు. ఆ షెడ్డు మీద నా కోపం ఇంకా పోలేదు. రింగు వేయడానికి నిమిషం పట్టదు.

పంపును ఇంతగా మెచ్చుకున్నాను గానీ, అది చెప్పేది గాలి సంగతి ఒక్కటే. ఫిల్టర్ మూసుకుపోతే ఘాట్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ తగ్గడం బట్టి తెలుసుకోవాలి. పైగా రోజూ పంపు కొట్టి బండి నడిపేస్తే లోపం దాగిపోతుంది. వయసు మీద పడ్డ బండిలో పంపులోని రబ్బరే గట్టిపడి గాలి పీల్చవచ్చు, దాన్నీ అనుమానించాలి. ఆ సెన్సర్ నీళ్లు పసిగట్టి లైటు వెలిగించేదాకా ఆగడం కూడా నాకిష్టం లేదు. వానాకాలంలో అడుగు స్క్రూ కాస్త వదులు చేసి, పంపు కొట్టి కొంచెం గాజు సీసాలోకి పట్టి చూస్తాను. నీళ్లుంటే డీజిల్ కింద వేరే పొరగా తేలిగ్గా కనిపిస్తాయి.

మా బండి వరసగా కొన్ని రోజులు కదలకుండా ఉంటుంది, ఇంటి ఆవరణలో పని చేసుకునే చోటూ ఉంది. అందుకే ఈ పంపు నాకింత ముఖ్యం. రోజూ తిరిగే టాక్సీకో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపే బండికో ఇదంతా అంతగా పట్టకపోవచ్చు. అలాంటివాళ్లు ఫిల్టర్‌ను మెకానిక్‌తోనే మార్పించుకోండి, డబ్బాలోని రింగు వేసేదాకా మాత్రం పక్కనే నిలబడండి.