డాలస్ యజమాని, ఫిలడెల్ఫియా యజమాని

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, మన తెలుగువాళ్లు దండిగా ఉండే ఊళ్లో ఉంది. ఆ జట్టు అభిమానుల కడుపుమంట ఇక్కడ ఎవరిని కదిపినా తెలుస్తుంది.

1989లో టీమ్ కొన్న జెర్రీ జోన్సే, ఆటగాళ్ల ఎంపిక చూసే జనరల్ మేనేజర్ కూడా. వరసగా రెండు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిపించిన కోచ్ జిమ్మీ జాన్సన్‌తో 1994లో ఆయనకు చెడింది. 1996 జనవరి తర్వాత జట్టు మళ్లీ సూపర్ బౌల్ ముఖం చూడలేదు. 2025 జనవరిలో హెడ్ కోచ్ మైక్ మెకార్తీ వెళ్లిపోతే, 7 గెలిచి 10 ఓడిన అదే జట్టు అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి ఆట చూసే కోచ్), అప్పటికి హెడ్ కోచ్‌గా చేయని బ్రయన్ షాటెన్‌హైమర్‌ను హెడ్ కోచ్ చేశారు. ఆ ఆగస్టులో అంతకన్నా ఘోరం. మైకా పార్సన్స్ ఒప్పందం గురించి మార్చిలోనే ఏజెంట్‌ను పక్కనపెట్టి జోన్స్ నేరుగా ఆటగాడితోనే మాట్లాడాడు. బేరం బెడిసికొట్టింది. అంతటి డిఫెండర్ గ్రీన్ బే జట్టుకి పోయాడు.

ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్ యజమాని జెఫ్రీ లూరీ కూడా చేతులు కట్టుకు కూర్చునే మనిషేం కాదు. 2018లో సూపర్ బౌల్ తెచ్చిన కోచ్ డగ్ పెడర్సన్‌ను మూడేళ్లు తిరగకుండానే పంపించేశాడు. తర్వాత వచ్చిన నిక్ సిరియానికీ హెడ్ కోచ్‌గా అనుభవం లేదు. అయినా 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీని 40-22తో చిత్తు చేశాడు. కాబట్టి కోచ్ కొత్తవాడని డాలస్‌లో పెట్టే గోల నాకు సబబుగా అనిపించదు.

అసలు తేడా పైన ఉంది. 2015లో లూరీ ఆటగాళ్ల ఎంపికను జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ నుంచి తీసి కోచ్ చిప్ కెల్లీకి ఇచ్చాడు. అది కుదరక కెల్లీని తీసేసి, రోజ్‌మన్‌కే తిరిగి అప్పగించాడు. డాలస్‌లో జనరల్ మేనేజర్‌ను అలా మార్చగలిగే మనిషి జోన్స్ ఒక్కడే.