రెండున్నరేళ్ళు వాడాక ఈ 70 ఎంఎం టెలిస్కోప్ గురించి

2023 జులై 14 మధ్యాహ్నం మా డాబా మీద నుంచి చంద్రయాన్-3 రాకెట్ పొగ చూశాం. నెల్లూరు వాళ్ళకి శ్రీహరికోట వైపు చూడ్డం కొత్తేమీ కాదు. కానీ ఆగస్టు 23న ల్యాండర్ దిగిన రాత్రి చంద్రుణ్ణి దగ్గరగా చూడాలని గట్టిగా అనిపించి, వారం తిరక్కుండానే ఎనిమిది వేల లోపు పెట్టి ఇది తెప్పించాను.

ముందు చెడ్డవి చెప్తా. డబ్బా మీద 525 రెట్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది, నమ్మకండి. 70 ఎంఎం లెన్స్‌కి 140 రెట్లు దాటితే బొమ్మ మసకబారిపోతుంది. దాంతో వచ్చిన 4 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్), మూడు రెట్ల బార్లో (రెట్లు పెంచే అదనపు లెన్స్) రెండూ పక్కన పెట్టేసి విడిగా ఒక 10 ఎంఎం ఐపీస్ కొన్నాను. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 700 ఎంఎం, దాన్ని ఐపీస్ 10తో భాగిస్తే సరిగ్గా 70 రెట్లు, నేను చూసిన మంచివి చాలావరకు దీంతోనే. ట్రైపాడ్ వేలు తగిలితే వణుకుతుంది. కాళ్ళు సాగదీయకుండా పొట్టిగా ఉంచి, మధ్యలో ఐదు లీటర్ల నీళ్ళ క్యాను వేలాడదీసి, స్టూల్ మీద కూర్చుని చూస్తే చాలా తగ్గింది. ఐపీస్‌కి బిగించే సన్ ఫిల్టర్ ఏదైనా డబ్బాలో వస్తే మాత్రం ఆ రోజే పారేయండి, ఎండ వేడికి అది పగిలితే కన్ను పోతుంది.

ఆర్నెల్ల తర్వాత గానీ నాకు తెలియని సంగతి ఒకటుంది. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటి దాకా వేడి వదుల్తూనే ఉంటుంది, ఆ వేడికి గురుగ్రహం నీళ్ళలో నాణెంలా అల్లాడుతుంది. అదే టెలిస్కోప్‌ని ఉదయగిరి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ మట్టి వాకిట్లో పెడితే గురుడి మీద రెండు పట్టీలు, పక్కన నాలుగు చంద్రుళ్ళు స్పష్టంగా కనిపించాయి. ఆ రాత్రే పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు) వైపు తిప్పి అమ్మమ్మకి చూపిస్తే, "ఏందబ్బయా, దీనికి ఇన్ని పిల్లలా!" అని కన్ను తీయలేదు. మైపాడు బీచ్‌లో కూడా పెట్టి చూశా. రొయ్యల చెరువుల లైట్లు, పైగా అరగంటకే లెన్స్ మీద తేమ. పాత క్యాలెండర్ అట్ట గొట్టంలా చుట్టి ముందు తొడిగితే గంటన్నర ఆగింది.

ఈక్వటోరియల్ స్టాండ్ (ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి, చుక్కల కదలిక వెంట తిప్పే స్టాండ్) కొనమని చాలామంది చెప్తారు. మనకి ధ్రువ నక్షత్రం 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కొబ్బరి చెట్టో పక్కింటి ట్యాంకో అడ్డం వస్తుంది, కాబట్టి మామూలు స్టాండే నయం. దానికి బదులు మనకి దక్షిణం బాగా తెరుచుకుని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు చిన్న దూది ఉండలా కనిపిస్తుంది, ఢిల్లీ వాళ్ళకి అది ఇందులో సగం ఎత్తుకే వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మబ్బు. మంచి రాత్రులు ఎక్కువగా జనవరి నుంచే.

అసలు ఈ టెలిస్కోప్ నాకిచ్చింది శని. 2023 సెప్టెంబరులో మొదటిసారి చూసినప్పుడు నువ్వు గింజంత పసుపు చుక్క, దాని చుట్టూ విడిగా వలయం, రెండు పక్కలా నల్లటి సందు కూడా తెలిసింది. చేతులు వణికాయి, టెలిస్కోప్ కదిలి శని తప్పిపోయింది, మళ్ళీ పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. 2024లో ఆ వలయం సన్నబడింది. ఐపీస్ పాడైందేమో అని టెన్షన్ పడ్డాను గానీ, శని వలయం దాదాపు 15 ఏళ్ళకోసారి అంచు మనవైపు తిప్పుతుందని, 2025 మార్చిలో అది జరుగుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు శని సూర్యుడి పక్కన ఉండి కనబడలేదు. ఆ ఏడాది నవంబరులో వానలు తెరిపిచ్చిన రెండు రాత్రులు దొరికాయి, చుక్కకి అడ్డంగా సూది గుచ్చినట్టు ఒక గీత, అంతే. మూడు సీజన్లూ అదే ఐపీస్‌తో కాగితం మీద పెన్సిల్‌తో వేసుకున్న బొమ్మలు మూడూ పక్కపక్కన గోడకి అంటించాను.

ఈ సెప్టెంబరుకి వలయం మళ్ళీ విచ్చుకుంటుంది, ఈసారి మనకి కనిపించేది దాని దక్షిణ వైపు. అప్పటిదాకా ఐపీస్ సిలికా జెల్ పొట్లంతో పాటు స్టీలు డబ్బాలో ఉంటుంది. గోడ మీద నాలుగో కాగితానికి చోటు వదిలి పెట్టాను.