జయప్రకాశ్ రెడ్డి మాట వినడానికి కొన్న సౌండ్‌బార్

నేను కొన్నప్పుడు ధర 12 వేల లోపు. 3.1 ఛానల్, అంటే బార్‌లో ఎడమ, కుడి, మధ్య అని మూడు స్పీకర్లు ఉంటాయి, అడుగు స్వరాల కోసం సబ్‌వూఫర్ విడిగా వస్తుంది. పాటలకు, క్రికెట్‌కు ఎలా ఉందో చాలామంది రాశారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నేను దీన్ని కొన్నది మాటల కోసం. మా అమ్మకు టీవీలో పాట వినపడుతుంది గానీ డైలాగ్ అర్థం కాదు. మాట కోసం సౌండ్ పెంచితే, ఫైటింగ్ వచ్చేసరికి ఇల్లంతా అదిరిపోతుంది.

బిగించిన రోజు మేం పెట్టింది జయప్రకాశ్ రెడ్డి సినిమాలు. మాది ఆళ్లగడ్డ వైపు, ఆయన పుట్టింది ఆ పక్కనే సిరివెళ్లలో. అమ్మకు ఆయనంటే సొంతూరి మనిషి. ఇంకో కారణం కూడా ఉంది. సౌండ్ సిస్టమ్‌కు ఆయన గొంతు కంటే కష్టమైన పరీక్ష నాకు తెలియదు. ఆయనది బరువైన గొంతు. టీవీ వెనకాలో అడుగునో ఉండే చిన్న స్పీకర్లకు ఆ బరువు అందదు. అడుగు స్వరం పోయి అరుపు మాత్రమే మిగులుతుంది. ఆయన్ని అరిచే విలన్‌గా గుర్తుపెట్టుకున్నవాళ్లలో చాలామంది ఆయన్ని సరిగ్గా వినలేదని నా నమ్మకం.

ముందు ‘ప్రేమించుకుందాం రా’ పెట్టాం. కర్నూలు ఫ్యాక్షన్ నాయకుడు వీరభద్రయ్య వేషం. మాటలను పైకి తెచ్చే వాయిస్ మోడ్ ఆన్ చేయగానే తేడా తెలిసింది. కోపం పెరిగే చోట ఆయన గొంతు దించుతాడు. ‘పోతాండావు’, ‘చేస్తాండావు’ లాంటి మాటల్లో చివరి అక్షరం కూడా నొక్కి వదులుతాడు, దాన్ని మింగేయడు. అది నాటకాల నుంచి వచ్చిన అలవాటు. పరిషత్తు (నాటక పోటీల) నాటకాల్లో మైకులు పైనుంచి వేలాడుతుంటాయి, నటుడు ఎక్కడో దూరంగా నిలబడి ఉంటాడు. మాట చివర జారవిడిస్తే వెనక వరసకు సగం వాక్యమే చేరుతుంది. కెమెరా ముందుకు వచ్చాక చాలామంది ఆ అలవాటు పోగొట్టుకుంటారు. ఈయన పోగొట్టుకోలేదు. స్టేజీ మీద విసిరినంత గట్టిగా కాకుండా, అంతే స్పష్టంగా పలికాడు.

ఆ వేషం వెనక ఎంత నిరీక్షణ ఉందో తెలిస్తే సినిమా ఇంకోలా కనిపిస్తుంది. ఆయన గుంటూరులో టీచరు, నాటకాలు వేసేవాడు. నల్గొండలో ఆయన నాటకం చూసిన దాసరి నారాయణరావు గారు రామానాయుడు గారికి చెప్పారు. అలా 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకి వచ్చాడు. కానీ చిన్న వేషాలతో ఇల్లు గడవక మళ్లీ గుంటూరు వెళ్లి పాఠాలు చెప్పుకున్నాడు. 1997లో రామానాయుడు గారి సంస్థ సినిమాతోనే వీరభద్రయ్య వేషం వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆ వయసులో వచ్చిన ఒక్క వేషంతో, సీమ యాసలో మాట్లాడే విలన్ అంటే ఎలా ఉండాలో సినిమావాళ్లకే నేర్పాడు.  ఆయన నోట్లో మా యాస మా ఊరి పెద్దమనుషులు మాట్లాడినట్టే ఉంటుంది. అందుకే అమ్మ ఆ సినిమా అయ్యేదాకా సోఫాలోంచి లేవలేదు.

తర్వాత ‘సమరసింహారెడ్డి’. సౌండ్‌బార్‌కు అసలు పరీక్ష ఇదే, ఎందుకంటే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ గట్టిగా ఉంటుంది. ఈ బార్‌లో మధ్య స్పీకర్ మాట కోసమే ఉంది కాబట్టి డైలాగ్ మ్యూజిక్ కింద నలిగిపోలేదు. షోరూములో విన్న, మధ్య స్పీకర్ లేని 2.1 మోడల్స్‌లో ఇది కుదరలేదు. మాట కోసమే కొనేవాళ్లు వెయ్యి రెండు వేలు ఎక్కువైనా 3.1కే వెళ్లండి.

కామెడీకి ‘ఢీ’ చూశాం. అక్కడ సౌండ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగానే ఉంది.

నన్ను కదిలించింది మాత్రం ‘అలెగ్జాండర్’. పూసల గారు రాసిన నాటకం, స్టేజీ మీద జయప్రకాశ్ రెడ్డి ఒక్కడే. నా దగ్గరున్న రికార్డింగ్ అంత మంచిది కాదు, హాల్లో దగ్గులు కూడా పడ్డాయి. ఇదివరకు టీవీలో రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఈసారి పూర్తిగా చూశాను. ఎదుటి పాత్ర లేదు, కట్ చేసి ఇంకో షాట్‌కు పోయే వీలు లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం వినపడింది. ఎక్కడ ఆగాలో, ఆ ఆగడాన్ని ఎంతసేపు పట్టి ఉంచాలో ఆయనకు తెలుసు. సినిమాల్లో ఇంత పేరు వచ్చాక, అంత బిజీలో ఒక్కడే మోయాల్సిన నాటకం మీద వేసుకున్నాడంటే ఆ మనిషికి స్టేజీ మీద ఎంత ప్రేమ ఉండాలి! ఆయన సినిమాలు వందమంది చూస్తే ఈ నాటకం పదిమందైనా చూసి ఉండరు. ఈ సౌండ్‌బార్ కొనకపోయినా సరే, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకునైనా ఒకసారి వినండి.

2020 సంక్రాంతికి వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’ చివర్లో పెట్టాను. అదే ఏడాది సెప్టెంబర్ 8న గుంటూరులో ఆయన పోయారు. 74 ఏళ్ల వయసు. ఈ సినిమాలో కూడా గొంతు ఎక్కడా వణకలేదు.

ఇక లోపాలు. పవర్ పోయి వచ్చిందంటే వాయిస్ మోడ్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది. మళ్లీ రిమోట్ వెతుక్కోవాలి. రిమోట్ మీద అక్షరాలు ఎంత చిన్నవంటే అమ్మ చదవలేదు, వాయిస్ మోడ్ బటన్ మీద నేను ఎర్ర స్టిక్కర్ అంటించాను. పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లు ముందే ఈ పని చేయండి. బిగించడానికి వచ్చిన కుర్రాడు హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మామూలు పోర్టులో పెట్టి వెళ్లిపోయాడు. మీ టీవీ వెనక ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టించుకోండి, లేకపోతే టీవీ సౌండ్ బార్‌కు రాదు. పాత సినిమాలకు సబ్‌వూఫర్ బాగా తగ్గించుకోవాలి. తగ్గించకపోతే పాత ప్రింట్లలో ఉండే గుర్రుమనే శబ్దం కూడా పెరిగి, ఆయన గొంతులోని బరువేదో ఈ రొదేదో తెలియదు.

అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. వాయిస్ మోడ్ గుర్తుపెట్టుకునేలా కంపెనీ ఒక అప్‌డేట్ ఇస్తే ఆ అయిదోది కూడా ఇస్తాను.