ఆక్సిజన్ ముందా, జంతువులు ముందా? మూడు వాదనల్లో ఏది మేలు?

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర తెల్లవారుజామున కరెంటు పోతే రైతుకు వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఈ కథ సగం అర్థమైనట్టే. పగలంతా నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి పూట ఆ నాచే దాన్ని వాడేసుకుంటుంది. తెల్లారేసరికి డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అడుగంటుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలి గట్టు వెంట చేరతాయి, ఇంకాస్త ఆలస్యమైతే ఆ పంట పోయినట్టే. అదే చెరువు అడుగున, బురదలో ఉండే సన్నటి పురుగులు మాత్రం చాలావరకు తట్టుకుని బతికేస్తాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. గాలిలో ఆక్సిజన్ నిలబడటం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు మన దగ్గరా ఆనవాళ్లు వదిలాయి. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్లలో కోసిన ఉల్లిపాయలా పొరలు పొరలుగా కనిపించే స్ట్రోమటోలైట్లు అవే. వాటి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. కంటికి ఆనే పెద్ద జంతువుల శిలాజాలు మాత్రం 57 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో గానీ దొరకవు. ఆక్సిజన్ వచ్చాక కూడా జంతువులు రావడానికి 180 కోట్ల ఏళ్లు ఎందుకు పట్టింది? దీనికి ప్రధానంగా మూడు జవాబులు వినిపిస్తాయి.

మొదటిది అందరికీ తెలిసినదే. అప్పటిదాకా ఉన్న ఆక్సిజన్ చాలలేదు, చాలినంత పెరగగానే జంతువులు పుట్టాయి అంటుంది. 1959లో నర్సాల్ అనే శాస్త్రవేత్త దీన్ని స్పష్టంగా రాసిపెట్టాడు. వినడానికి బాగానే ఉంటుంది. శరీరం పెద్దదయ్యేకొద్దీ లోపలి కణాల దాకా ఆక్సిజన్ చేరడం కష్టం. పైగా జంతువుల కణాలను కలిపి ఉంచే కొల్లాజెన్ తయారవ్వాలన్నా ఆక్సిజన్ కావాలి.

ఈ వాదనకు గట్టి సాక్ష్యం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో దొరికింది. అక్కడి మిస్టేకెన్ పాయింట్ అనే చోట 1967లో శిలాజాలను గుర్తించింది మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థి శివ బాలక్ మిశ్రా. కదురు ఆకారంలో, ఫెర్న్ ఆకులా చీలికలు చీలికలుగా ఉన్న ఒక జీవికి 2007లో ఆయన పేరే పెట్టారు: ఫ్రాక్టోఫ్యూసస్ మిశ్రాయ్. సముద్రం అడుగున బతుకుతున్న ఈ జీవుల మీద అగ్నిపర్వతపు బూడిద పడి, అవి ఉన్నవి ఉన్నట్టుగా అచ్చుపడిపోయాయి. వెలుతురు చేరని లోతు అది, కాబట్టి ఇవి మొక్కలయ్యే అవకాశం లేదు.

సరే, అప్పటి సముద్రంలో ఆక్సిజన్ ఉందో లేదో ఇప్పుడెలా చెబుతారు? బురదలో ఇనుము చూస్తారు. ఆక్సిజన్ లేని నీళ్లలో ఇనుము కరిగి తిరుగుతూ ఉంటుంది, చివరికి అడుగుకు చేరి బురదలో పేరుకుంటుంది. రాయిని పొడిచేసి, మొత్తం ఇనుములో తేలిగ్గా చర్యకు దిగే రకం ఎంతుందో కొలుస్తారు. ఆ నిష్పత్తి 0.38 దాటితే ఆ నీళ్లలో ఆక్సిజన్ లేదని లెక్క. కాన్‌ఫీల్డ్, పౌల్టన్, నార్బోన్ 2007లో న్యూఫౌండ్‌లాండ్ రాళ్లను ఇలాగే పరీక్షించారు. సుమారు 58 కోట్ల ఏళ్ల కిందటి గాస్కియర్స్ మంచుకాలానికి ముందు అక్కడి లోతు నీళ్లలో ఆక్సిజన్ లేదు, తర్వాత ఉంది. ఆ తర్వాత కొద్ది కాలానికే, అంటే 57.4 కోట్ల ఏళ్ల దగ్గర, శిలాజాలు మొదలు. ఇక్కడితో కేసు ముగిసిందనే చాలామంది అనుకున్నారు.

తర్వాత డెన్మార్క్ నుంచి ఒక స్పంజి వచ్చింది. స్పంజి అంటే సముద్రం అడుగున అతుక్కుని, నీళ్లను వడగట్టి బతికే సాదాసీదా జంతువు. కెర్టెమిండె అనే ఊరి దగ్గర సముద్రపు పాయలోంచి హాలికోండ్రియా పానీసియా అనే మామూలు స్పంజిని తెచ్చి, డానియెల్ మిల్స్ బృందం నీళ్లలో ఆక్సిజన్‌ను మెల్లగా తగ్గిస్తూ పోయింది. ఇప్పుడున్న స్థాయిలో 4 శాతానికి, చివరికి 0.5 శాతానికి దించినా స్పంజి చావలేదు. 2014లో ఈ ఫలితం అచ్చయింది. రొయ్యకు ప్రాణం పోయే చోట స్పంజి నిక్షేపంగా ఉంది! తొలి జంతువులు స్పంజిలాంటివే అయితే వాటికి కావలసిన ఆక్సిజన్ ఎప్పటి నుంచో ఉండి ఉండవచ్చు. చైనాలోని షియామాలింగ్ రాళ్లను చూసిన ఒక బృందం, 140 కోట్ల ఏళ్ల కిందటే గాలిలో ఇప్పటి స్థాయిలో 4 శాతానికి పైగా ఆక్సిజన్ ఉందంటుంది. రాళ్లలో క్రోమియం ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న క్రోమియం రకాలను) కొలిచిన ఇంకో బృందం, దాదాపు ఆ యుగాలలోనే 0.1 శాతం కూడా లేదంటుంది. నలభై రెట్ల తేడా అన్నమాట. ఆ దశలో మొదటి వాదన నిలుస్తుందా పడుతుందా అన్నది ఈ ఇద్దరిలో ఎవరిని నమ్ముతామన్నదాని మీద ఉంటుంది.

రెండో వాదన కథనే తిరగేస్తుంది. జంతువులే సముద్రాన్ని శుభ్రం చేసి ఆక్సిజన్ పెంచాయట. నికొలస్ బటర్‌ఫీల్డ్, టిమ్ లెంటన్ లాంటివాళ్లు దీని వెనుక ఉన్నారు. చచ్చిన సూక్ష్మజీవులు నీళ్లలో మెల్లగా కిందికి దిగుతూ దారిలోనే కుళ్లితే, ఆక్సిజన్ పై నీళ్లలోనే ఖర్చవుతుంది. స్పంజిలు నీళ్లను వడగడితే ఆ మురుగు తగ్గుతుంది, ఆక్సిజన్ ఖర్చు అడుగుకు మారుతుంది. ఆలోచన నాకు చాలా ఇష్టం, అందులో తెలివి ఉంది. కానీ దీనికి సాక్షి దొరకాలి కదా. ఆ పని చేయగలిగినన్ని స్పంజిలు ఆ కాలంలో ఉన్నాయని ఒప్పించే శిలాజాలు లేవు. ఆకారం చూసి తొందరపడితే ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా చెప్పింది. అక్కడి గుహ గోడ మీద డికిన్సోనియా అనే పురాతన జంతువు అచ్చు దొరికిందని 2021లో పెద్ద వార్త అయింది. 2023కల్లా అది రాలిపోయిన తేనెపట్టు మిగిల్చిన మరక అని తేలింది. మరోవైపు రష్యాలోని తెల్ల సముద్రం ఒడ్డున దొరికిన డికిన్సోనియాలో 2018లో జంతువుల గుర్తుగా చూసే కొలెస్టరాల్ అనే కొవ్వు పదార్థం ఆనవాళ్లు పట్టుకున్నారు. అది జంతువేనని, వయసు 55.8 కోట్ల ఏళ్లని నమ్మకంగా అనగలిగింది అందుకే.

మూడో వాదన వేట. ఒక జంతువు ఇంకో జంతువును తినడం మొదలయ్యాక గుల్లలు, కాళ్లు, కళ్లు, బురదలోకి తవ్వుకుని దాక్కోవడం అన్నీ వరసగా వచ్చాయంటుంది. చైనాలోని షాన్సీ ప్రాంతంలో దొరికిన క్లౌడినా అనే గొట్టపు గుల్లలకు గుండ్రటి చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఎవరో తొలిచి లోపలిదాన్ని తిన్నారన్నమాట. 1992లో ఈ సంగతి అచ్చయింది. ఆ గుల్లలు 54, 55 కోట్ల ఏళ్ల నాటివి. బాగుంది, కానీ వేట అప్పుడే ఎందుకు మొదలైంది? ఈ వాదన దగ్గర దానికి జవాబు లేదు. ఒక్కదాన్నే తీసుకుంటే మూడింటిలో ఇదే బలహీనం అంటాను.

దీన్ని ఆదుకున్నది ఎరిక్ స్పెర్లింగ్ బృందం. ఇప్పటి సముద్రాలలోనే ఆక్సిజన్ బాగా తక్కువున్న పొరలు ఉన్నాయి. అరేబియా సముద్రంలో, మన బంగాళాఖాతంలో కూడా ఉన్నాయి. వాళ్లు 2013లో చేసింది సాదా లెక్క. అలాంటి చోట్ల అడుగు బురదలో ఉండే పురుగుల్లో వేటాడేవి ఎన్ని, బురద తిని బతికేవి ఎన్ని అని చూశారు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ వేటగాళ్ల రకాలు తగ్గుతూ పోయాయి, మరీ తక్కువున్న చోట్ల అసలు లేకుండా పోయాయి. బురద తినేవి మాత్రం ఉన్నాయి. తరమడానికి, పట్టడానికి, ఒక్కసారి పెద్ద ముద్ద మింగి అరిగించుకోవడానికి ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ. చెరువులో రొయ్యకూ బురద పురుగుకూ ఉన్న తేడాలాంటిదే ఇక్కడా.

నా ఓటు ఈ కలగలుపు వాదనకే. జంతువు పుట్టడానికి పెద్దగా ఆక్సిజన్ అక్కర్లేదు, వేటాడటానికి కావాలి. అందుకే ఆక్సిజన్ కొంచెం పెరిగినా ఫలితం పెద్దగా కనిపిస్తుంది. స్పెర్లింగ్ వాళ్లే 2015లో వేల రాతి నమూనాల ఇనుము లెక్కలు కలిపి చూస్తే, ఆ కాలంలో ఆక్సిజన్ ఒక్కసారిగా ఎగబాకిన గుర్తులు కనబడలేదు. 2024లో రిచర్డ్ స్టాకీ బృందం చేసిన లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది: తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో ఆక్సిజన్, తిండి రెండూ పెరిగాయి, లోతు సముద్రం పూర్తిగా నిండింది మాత్రం చాలా ఆలస్యంగా. పెరుగుదల కొద్దిపాటిదే అంటే మొదటి వాదనకు నష్టం, వేట వాదనకు లాభం.

మరి న్యూఫౌండ్‌లాండ్ సాక్ష్యం ఏం కావాలి? ఫ్రాక్టోఫ్యూసస్ వేటాడదు, కదలదు. అడుగున అతుక్కుని పడి ఉంటుంది. ఇలాంటి జీవికి కావలసిన ఆక్సిజన్ చాలా తక్కువే అయి ఉండాలి. అంతకుముందు ఆ లోతులో అసలు లేదు కాబట్టి అక్కడ ఉండలేకపోయింది, వచ్చాక దిగింది. ఆ రాళ్లు చెబుతున్నది అది ఆ ఇంట్లోకి ఎప్పుడు దిగిందో మాత్రమే. ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో వెతకాలంటే అంతకు ముందే ఆక్సిజన్ ఉన్న, లోతు తక్కువ నీళ్ల రాళ్ల దగ్గరికే పోవాలి.