పెరటికి చాటు వెతుక్కుంటూ బ్రిటన్ తోటల్లో

పెరటికి చాటు కావాలని చెట్లు కొనేవాళ్లు నర్సరీకి ఆఖర్న వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. కుండీలో మోకాలెత్తున ఉన్న మొక్కలన్నీ ముచ్చటగానే ఉంటాయి. అవి ముప్ఫై ఏళ్లు ఎదిగాక ఎంత జాగా తీసుకుంటాయో, చలికాలంలో ఆకు నిలుపుకుంటాయో లేదో, కత్తెర పడితే మళ్లీ చిగురిస్తాయో లేదో అక్కడ తెలియదు. ఎదిగిన చెట్లున్న చోటికి వెళ్లి కళ్లారా చూడాలి. ఇంగ్లండులో మేం తీసుకున్న ఇంటి పెరట్లోకి వెనక వరస ఇళ్ల మేడమీది కిటికీలు నేరుగా చూస్తుంటాయి. బట్టలు ఆరేసుకుంటున్నా, పిల్లలు ఆడుకుంటున్నా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. అందుకని ఈస్టర్ సెలవుల్లో మామూలు టూరు మానేసి, చెట్ల కంచెలకి పేరుపడ్డ తోటలు చుట్టొచ్చాం. ఏ చోటు దేనికి పనికొస్తుంది, బస ఎలా ఉంది, ఏ సేవకి డబ్బు పెట్టొచ్చు అన్నది ఇదే అవసరం ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఏప్రిల్ మొదట్లో వెళ్లడం వెనక ఒక ఆలోచన ఉంది. జూన్‌లో ఏ చెట్టయినా పచ్చగా, దట్టంగానే ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో అయితే ఆకులు రాల్చే చెట్లు ఇంకా చిగురు వెయ్యవు. ఏది ఏడాది పొడుగునా చాటిస్తుందో, ఏది సగం ఏడాదే ఇస్తుందో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే ఈస్టర్‌కి గదుల ధరలు పెరుగుతాయి, ముందే బుక్ చేసుకోవాలి.

మొదట కెంట్ వెళ్లాం. గౌడ్‌హర్స్ట్ దగ్గర బెడ్జ్‌బరీ నేషనల్ పైనీటమ్ అని సూది ఆకుల చెట్ల తోట ఉంది. లండన్‌లోని క్యూ (Kew) వృక్షోద్యానం వాళ్లు, అటవీ కమిషన్ కలిసి 1925లో మొదలుపెట్టారు. మనిషికింత అని టికెట్ లేదు, కారు పార్కింగుకి కడితే చాలు. దారులు వెడల్పుగా ఉంటాయి, పిల్లల బండి హాయిగా వెళ్తుంది, ఆడుకునే చోటు కూడా ఉంది. బస్సు మీద ఆధారపడితే మాత్రం కష్టం.

చెట్లను గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే దీన్ని మించిన చోటు నాకు కనపడలేదు. ఇళ్ల మధ్య కంచెలుగా కనిపించే లేలాండ్ సైప్రస్, లాసన్ సైప్రస్, వెస్టర్న్ రెడ్ సెడార్ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఇక్కడ పూర్తి ఎత్తుకి ఎదిగినవాటిని పేరు పలకతో సహా చూడొచ్చు. లాసన్ కొస కొమ్మ కిందికి వంగి వేలాడుతుంది, ఆకు నలిపితే పార్స్లీ వాసన. రెడ్ సెడార్ నలిపితే అనాసపండు లాంటి తీపి వాసన. కింద రాలిన రెమ్మలే తీసి నలిపి చూడండి, చెట్టు మీంచి తుంచకండి. పిల్లలకి ఈ వాసనల ఆట బాగా నచ్చింది, మధ్యాహ్నానికల్లా పలక చూడకుండానే పేర్లు చెప్పేశారు.

లేలాండ్ సైప్రస్ దగ్గర చాలాసేపు ఆగాం. ఇక్కడి ఇళ్ల మధ్య ఇంత గొడవ పెట్టిన చెట్టు మరొకటి లేదు. వేల్స్‌లోని లైటన్ హాల్‌లో 1888లో రెండు రకాల సైప్రస్‌లు కలిసి పుట్టిన సంకరజాతి ఇది. ఏడాదికి ముప్పాతిక మీటరు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. తొందరగా చాటు కావాలన్నవాళ్లు దీన్నే నాటారు. కానీ ఆ ఎదుగుదల మనకి చాలినంత దగ్గర ఆగదు. లోపలి ఎండు కొమ్మ దాకా కత్తిరిస్తే మళ్లీ చిగురించదు, ఆ గోధుమరంగు మచ్చ అలాగే ఉండిపోతుంది. బెడ్జ్‌బరీలో దాని పూర్తి ఎత్తు మెడ వెనక్కి వాల్చి చూశాక, ఏ పెరటికీ ఇది తగదని ఇంటిల్లిపాదికీ అర్థమైంది.

ఆ రాత్రి క్రాన్‌బ్రూక్‌లో ఒక ఇంట్లో బస. గది పాతది, శుభ్రంగా ఉంది, ఇంటావిడ ఆప్యాయంగా మాట్లాడారు. వాళ్ల పెరట్లో చెర్రీ లారెల్ కంచె ఉంది. మిషనుతో కత్తిరించడం వల్ల పెద్ద ఆకులన్నీ సగానికి తెగి అంచులు మాడిపోయి ఉన్నాయి. ఆకు పెద్దదైన చెట్టుకి చేతికత్తెర వాడాలని, దానికి ఓపిక చాలదని ఆవిడే చెప్పారు. ఈ ఆకు నలిపితే బాదం వాసన వస్తుంది. అందులో సైనైడ్‌కి దారితీసే పదార్థాలుంటాయి కాబట్టి నోట్లో పెట్టుకోకూడదని పిల్లలకి గట్టిగా చెప్పాం.

మర్నాడు సిసింగ్‌హర్స్ట్. రచయిత్రి వీటా సాక్‌విల్-వెస్ట్, ఆవిడ భర్త హెరాల్డ్ నికల్సన్ 1930లో కొని పెంచిన తోట, ఇప్పుడు పాత ఇళ్లని, తోటల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతిలో ఉంది. అందరూ గులాబీల కోసం వస్తారు, ఏప్రిల్లో అవి ఉండవు. మేం వచ్చింది యూ (yew) అనే సతతహరిత చెట్ల కంచెల కోసం. గుండ్రంగా తిరిగిన కంచె ఒకటి, ఇద్దరు పక్కపక్కన నడవడానికి ఇరుకయ్యే యూ నడవ ఒకటి ఉన్నాయి. ఆ నడవలోకి వెళ్తే పక్కన మనిషి ఉన్నట్టే తెలియదు. సన్నటి ఆకులు అంత దట్టంగా అల్లుకున్నాయి. యూ ఏడాదికి పాతిక ముప్ఫై సెంటీమీటర్లకి మించి పెరగదు, కానీ ముదురు కొమ్మ దాకా నరికినా చిగురిస్తుంది. ఇన్ని తరాలు బతికే కంచెలు యూవి కావడానికి అదే కారణం. పండు మీది ఎర్రటి గుజ్జు తప్ప చెట్టంతా విషం, గింజతో సహా. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆలోచించాల్సిన విషయమే.

అసలు పాఠం మాత్రం అక్కడి బురుజు మీద దొరికింది. ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్లి కిందికి చూస్తే, ఇందాక మమ్మల్ని పూర్తిగా దాచిన కంచెలు గీతల్లా కనిపిస్తున్నాయి, వాటి మధ్య తిరిగే మనుషులు తలలతో సహా కనిపిస్తున్నారు. "ఏవండీ, మన వెనకింటివాళ్లకి మనం కనిపించేది ఇలాగే కదా" అంది మా ఆవిడ. నిజమే. రెండు మీటర్ల కంచె నేలమీది చూపుని ఆపుతుంది, మేడమీది చూపుని ఆపదు.

ఆ సాయంత్రం బసకి వచ్చి కాగితం మీద లెక్క వేశాం. వెనకింటి కిటికీలో కన్ను నేల నుంచి 5 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. మన కుర్చీ అక్కడికి 20 మీటర్ల దూరం, కూర్చున్న మనిషి తల 1.2 మీటర్ల ఎత్తు. సరిహద్దు సరిగ్గా మధ్యలో ఉంటే అక్కడి కంచె 3.1 మీటర్లు ఉండాలి. అదే చెట్టుని కుర్చీకి 4 మీటర్ల దగ్గర పెడితే 2 మీటర్లు చాలు. చాటు చెట్టు సరిహద్దులోనే ఉండాలని అందరం అనుకుంటాం. మేడమీది చూపు విషయంలో మనకి దగ్గరగా ఉన్న చిన్న చెట్టే ఎక్కువ పని చేస్తుంది. పొరుగువాళ్ల వెలుతురు కూడా పోదు.

ఈ లెక్క తలలో ఉండగా కాట్స్‌వోల్డ్స్‌లోని హిడ్‌కోట్‌కి వెళ్లడం మా అదృష్టం. ఈ ప్రయాణంలో ఒక్క చోటే చూడగలరంటే ఇదే చూడమంటాను. లారెన్స్ జాన్‌స్టన్ తల్లి 1907లో కొన్న ఎస్టేట్ ఇది. ఆయన దాన్ని చెట్ల గోడలతో గదులు గదులుగా విడగొట్టారు. మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి స్టిల్ట్ గార్డెన్. అక్కడ హార్న్‌బీమ్ చెట్లకి మనిషెత్తు దాకా కొమ్మల్లేకుండా చేసి, ఆపైన పెట్టెల్లా కత్తిరించారు. కింద చూపు సాగుతుంది, పైన ఆగిపోతుంది. చెక్క కంచె ఉన్న పెరట్లో దానిపైన చాటు కావాలంటే ఇదే దారి. ఏప్రిల్ మొదట్లో ఆకు పలచగా ఉండి వెనక ఆకాశం కనిపించింది. ఆ సంగతి మనసులో పెట్టుకున్నాం.

రెండోది అన్నీ కలిపి నాటిన కంచె. హోలీ (holly), యూ, బాక్స్ (box), బీచ్ (beech), హార్న్‌బీమ్ అనే చెట్లు ఒకే వరసలో పెనవేసుకుని ఉంటాయి. ఒకే జాతి నాటితే దానికి తెగులొచ్చినప్పుడు మొత్తం గోడ పోతుంది. బాక్స్ చెట్లని ఎండుతెగులు, గొంగళిపురుగు కలిసి ఇక్కడ ఎంత దెబ్బ తీశాయో చూస్తే కలిపి నాటడంలో ఎంత తెలివుందో తెలుస్తుంది.

బీచ్‌కీ హార్న్‌బీమ్‌కీ తేడా అక్కడి వాలంటీర్ ఒకాయన చూపించారు. బీచ్ ఆకు అంచు నున్నగా అలలా ఉంటుంది, మొగ్గ పొడవుగా, మొనదేలి, కొమ్మకి ఎడంగా నిలుస్తుంది. హార్న్‌బీమ్ ఆకు అంచు రంపంలా, ఈనెల మధ్య మడతలు పడి ఉంటుంది, మొగ్గ కొమ్మకి అతుక్కుని ఉంటుంది. ఆకులే లేని కాలంలో మొగ్గే గుర్తు. రెండింటినీ కంచెగా కత్తిరిస్తూ ఉంటే ఎండుటాకుని చలికాలమంతా పట్టుకునే ఉంటాయి, బీచ్ ఇంకాస్త ఎక్కువ. నీరు నిలిచే బంకమట్టిలో బీచ్ నిలవదు, హార్న్‌బీమ్ తట్టుకుంటుంది.

సేవల మాటకొస్తే హిడ్‌కోట్ మొక్కల దుకాణంలో పనిచేసేవాళ్లకి విషయం తెలుసు, అడిగినదానికి ఓపిగ్గా చెప్పారు. కానీ కంచెకి సరిపడా సంఖ్యలో మొక్కలు అక్కడ దొరకవు. దారులు ఇరుకు, పిల్లల బండితో తిప్పలు. సిసింగ్‌హర్స్ట్, హిడ్‌కోట్ రెండూ నేషనల్ ట్రస్టువే కాబట్టి సభ్యత్వం తీసుకుంటే లాభం.

టెట్‌బరీ దగ్గరి వెస్టన్‌బర్ట్ కూడా చూశాం. రాబర్ట్ హోల్‌ఫర్డ్ 1829లో మొదలుపెట్టిన చెట్ల తోట, 300 మీటర్ల వంతెన మీద కొమ్మల ఎత్తున నడవొచ్చు. అందమైన చోటు, ఒక రోజంతా సరిపోతుంది. కానీ పెరటి చాటు ఒక్కటే మీ పనైతే హిడ్‌కోట్ తర్వాత ఇక్కడ కొత్తగా తెలిసేది తక్కువ. టెట్‌బరీలో మా హోటల్‌కి సొంత పార్కింగ్ లేదు, సామాను మోసుకుంటూ చాలా దూరం నడవాల్సొచ్చింది.

కంబ్రియాలో లెవెన్స్ హాల్‌లో 1694 నుంచి ఉన్న తోట, యూ, బాక్స్‌లతో చెక్కిన ఆకారాలు ఉన్నాయి. కంటికి పండగే. మా పనికి మాత్రం కెండల్‌లో బస చేసిన ఇల్లే ఎక్కువ ఉపయోగపడింది. పక్కింటివాళ్లు నాటిన, నేలలో పాకే రకం వెదురు, కంచె కిందుగా వచ్చి వీళ్ల రాతిపలకల మధ్య మొలకెత్తుతోంది. వెదురు నాటాలంటే గుబురుగా పెరిగే ఫార్గీసియా రకాన్నే అడగండి. స్కాట్లండులో బ్లెయిర్‌గౌరీ దగ్గర రోడ్డు పక్కన మీకిల్‌అవర్ బీచ్ కంచె 530 మీటర్ల పొడవున, 30 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది, 1745లో నాటారు. చూడ్డానికి డబ్బులక్కర్లేదు, అరగంట చాలు. అటువైపు ఎలాగూ వెళ్తుంటే తప్ప దీనికోసమే అంత దూరం వద్దు.

తిరుగుదారిలో కంచె మొక్కల నర్సరీ ఒకటి చూశాం. అక్కడతను లేలాండ్ సైప్రస్‌నే అంటగట్టాలని చూశాడు, చట్టం సంగతి ఎత్తలేదు. 2003లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండులో సతతహరితాల కంచె 2 మీటర్లు దాటి పక్కింటికి ఇబ్బంది చేస్తే వాళ్లు కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. బీచ్, హార్న్‌బీమ్ ఆకు రాల్చేవి కాబట్టి ఇందులోకి రావు. స్కాట్లండు 2013 చట్టంలో ఆ మినహాయింపు లేదు. అదే నర్సరీలో రెడీమేడ్ కంచె కూడా అమ్ముతున్నారు, తెచ్చి నాటిపెడతారట. వెంటనే చాటు కావాలంటే అదొక మార్గమే. కానీ పెద్ద మొక్క వేరు పట్టడానికి ఎక్కువ కాలం, ఎక్కువ నీళ్లు కావాలి. నవంబరు నుంచి మార్చి దాకా మట్టి లేకుండా వేళ్లతో వచ్చే చిన్న మొక్కలు చవక, తొందరగా నిలదొక్కుకుంటాయి. మా ఓటు వాటికే.

మేం చివరికి తేల్చుకున్నది ఇది. మాది నీరు నిలిచే బంకమట్టి, కాబట్టి యూ, బీచ్ రెండూ కొట్టేశాం. సరిహద్దులో హార్న్‌బీమ్, మధ్యలో అక్కడక్కడా హోలీ. బయట కూర్చునేది ఆకులున్న నెలల్లోనే కాబట్టి కుర్చీల దగ్గర ఒక క్రాబ్ ఆపిల్ చెట్టు చాలు. వంటింటి కిటికీకి మాత్రం ఏడాది పొడుగునా మరుగు కావాలి. అక్కడ ఎర్ర తొడిమల పోర్చుగీస్ లారెల్, చేతికత్తెరతో సరిపెట్టుకోగలిగినంత చిన్నది. పక్షులు గూళ్లు కట్టే మార్చి నుంచి ఆగస్టు దాకా కంచె జోలికి పోకూడదు కాబట్టి, ఇప్పుడున్న పాత పొదలు తీసేసే పని సెప్టెంబరుకి పెట్టుకున్నాం. మొక్కలు నవంబరుకి వస్తాయి.